అద్దంకి ముందు, టియర్నీ వెనక

ఐర్లండు లెక్కల ప్రొఫెసరు డోనల్ టియర్నీ కొంప మునిగిన మీటింగులో నేను స్వయంగా ఉన్నాను. షార్జాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ రెండో అంతస్తులో, పొడుగు బల్ల దగ్గర, ఆయన కుడిపక్క కుర్చీ నాది. ఆయన నిట్టూరిస్తే నా చెవికి గాలి తగిలేంత దగ్గర. కాబట్టి ఎవరైనా మధ్యలో దూరి, అలా కాదు ఇలా జరిగింది అంటే నమ్మకండి. నేను చెప్పిందే జరిగింది.

ముందు మనిషిని చెబుతాను, తర్వాత మీటింగు.

ఐర్లండు పడమటి గట్టున, సముద్రం గుమ్మంలోకి తొంగి చూసే పల్లెలో పుట్టాడు టియర్నీ. అక్కడ ఎండ కాస్తే బడికి సెలవిస్తారట, పిల్లలు జడుసుకుంటారని. వాళ్ళ నాన్న నేలను ఇటుకల్లా కోసి, ఆరబెట్టి, చలికాలం పొయ్యిలో పెట్టేవాడు. మన్ను ఎలా మండుతుందని నన్నడగొద్దు, వాళ్ళ మన్ను మండుతుంది. మన్ను కోయగా మిగిలిన పొద్దంతా ఆవులతోనే. ఆ ఆవుల్ని కట్టే తాళ్ళ దగ్గరే ఈ పిల్లవాడికి జబ్బు పట్టుకుంది. ముడి వేసిన తాడు ఎక్కడ కనపడినా విప్పడు, కూర్చుని చూస్తాడు. ఈ ముడీ ఆ ముడీ ఒకటేనా, వేరా? విప్పకుండా ఎలా చెప్పడం? ఇలా చూస్తూ కూర్చుంటే ఒకరోజు ఆవు పక్క జిల్లాకి వెళ్ళిపోయింది. వీడు పశువులకి పనికిరాడని వాళ్ళ నాన్న అప్పుడు తేల్చుకుని చదువులకి పంపాడు.

ఆ ముడుల మీదే గాల్వేలో చదివి, ఇంగ్లండులో డాక్టరేటు చేశాడు. ముడుల లెక్క అని ఒకటుంది, నవ్వకండి. తాడులో మెలిక వేసి, రెండు కొసలూ అతికించేస్తారు. ఇక దాన్ని తెంచకూడదు. ఎంత లాగినా, ఎన్ని వైపులు తిప్పినా, అది ఇంకో మెలికగా మారుతుందా మారదా అన్నది ప్రశ్న. ఈ ప్రశ్న కోసం అన్నం నీళ్ళు మానేసే వాళ్ళు ప్రపంచంలో కొన్ని వందలమంది ఉంటారు. వాళ్ళ సభలో టియర్నీ అడుగుపెడితే మాట్లాడేవాళ్ళు మాట ఆపి కుర్చీ చూపించేవాళ్ళు. కార్క్ నగరంలో చాలాకాలం పాఠాలు చెప్పాడు. పెళ్ళి చేసుకున్నాడు. భార్య ఆయన్ని కొన్నేళ్ళు భరించి, తాళ్ళన్నీ ఇంట్లోనే వదిలి వెళ్ళిపోయింది. ఆ ఇల్లు అమ్మేసి షార్జాకి వచ్చాడు. ఎందుకు వచ్చావయ్యా అంటే, ఇక్కడ తాడు తడవదు అనేవాడు.

షార్జా క్రీక్ దగ్గర ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉల్లిపాయలు తెచ్చిన ఒక చెక్క ఓడని నడిపే నాఖుదా, తను వేసిన ముడిని విప్పే మగాడు లేడని సవాలు చేశాడట. టియర్నీ దాని ముందు గొంతుక్కూర్చుని మధ్యాహ్నం నమాజు నుంచి సాయంత్రం నమాజు దాకా చూశాడు. చెయ్యి పెట్టలేదు. చివరికి లేచి, అసలిది ముడే కాదు అని ఒక కొస పట్టుకు లాగాడు. ముడి జారిపోయింది. దాంతోపాటు ఓడా జారిపోయింది. ఆ ఓడ ఉల్లిపాయలతో సహా ఇరాన్ దాకా పోయి మనుషులు లేకుండానే తిరిగొచ్చిందని కొందరంటారు. నేను మాత్రం అంత దూరం పోలేదనే అంటాను.

ఇలాంటి మనిషికి లోకంలో ఒక్కడే దగ్గరివాడు. అతని పేరు అద్దంకి రామచంద్రరావు.

రామచంద్రరావుది నరసరావుపేట. అక్కడొక కాలేజీలో ఏటా అవే లెక్కలు చెప్పి చెప్పి విసిగిపోయి, ఒకరోజు టియర్నీ రాసిన వ్యాసంలో ఫలానా చోటు నాకు అర్థం కాలేదండీ అని ఈమెయిలు పెట్టాడు. అర్థం కాని చోటు కాదది, టియర్నీ తొందరలో దూకేసిన చోటు. టియర్నీ సంబరపడిపోయాడు. అప్పటి ముదీర్, అంటే యూనివర్సిటీ పెద్ద, ఆయన చెవి దగ్గర జోరీగలా తిరిగి, అతనికి తన పక్క గదిలోనే ఉద్యోగం వేయించాడు. ఫ్లాటు వెతికిపెట్టాడు. అతని భార్య కుసుమకుమారి పిల్లలతో దిగిన రోజున మంచం ఒక వైపు తనే పట్టుకుని మెట్లెక్కాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం టియర్నీ మధ్యాహ్న భోజనం వాళ్ళింట్లోనే. ఆయన పప్పుచారులో అన్నం కలుపుతుంటే ఇండస్ట్రియల్ ఏరియాలో సిమెంటు కలిపేవాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు. వచ్చిన తెలుగంతా 'ఇంకొంచెం' అన్న మాటే. పిల్లలు ఆమని, చరణ్‌తేజ్ ఆయన జేబుల్లో తాడుముక్కలు వెతుక్కునేవాళ్ళు. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఆయన్ని 'మాస్టారూ' అనే పిలిచేవాళ్ళు. మిగతా మాటలు ఇంగ్లీషులో నడిచినా ఆ పిలుపు మాత్రం తెలుగులోనే.

ఇద్దరూ కలిసి మొదటి వ్యాసం రాసినప్పుడు ఒక సంగతి జరిగింది. రామచంద్రరావు దాన్ని శుభ్రంగా టైపు చేసి తెచ్చాడు. పైన పేర్లు టియర్నీ, అద్దంకి అని ఉన్నాయి. మన పెళ్ళికార్డులో పెద్దల పేర్లు పైన వేసినట్టు, గురువు ముందు, శిష్యుడు వెనక. టియర్నీ కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెన్నుతో ఆ పేర్లు తారుమారు చేశాడు. లెక్కల వాళ్ళకి అలాంటి మర్యాదలు లేవన్నాడు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరు ఎక్కువ చేశారు అన్న మాటే ఉండదు. ఇంగ్లీషు అక్షరాల వరుస ఎలా ఉంటే పేర్లు అలా. అద్దంకి ఏ అక్షరం, మొదట్లో ఉంటుంది. టియర్నీ టీ అక్షరం, ఎక్కడో తోకలో ఉంటుంది. రామచంద్రరావు వద్దు మాస్టారూ అని చేతులు పట్టుకున్నాడు. పాపం మొహం ఎర్రబడింది కూడా.

"ఆలోచన ఎవరిది అని అడక్కూడదు రాము," అన్నాడు టియర్నీ. "అడిగిన రోజున ఇద్దరం కలిసి పనిచేయడం ఖలాస్."

అలా పదేళ్ళు. రాసిన ప్రతి వ్యాసం మీదా అద్దంకి ముందు, టియర్నీ వెనక. ముడుల లోకంలో ఎవరూ దీన్ని పట్టించుకోలేదు, వాళ్ళకి పద్ధతి తెలుసు. నరసరావుపేటలో మాత్రం పద్ధతి తెలియదు. అక్కడివాళ్ళకి ముందున్న పేరే ముఖ్యం. మనవాడి కింద ఒక తెల్లవాడు పనిచేస్తున్నాడట అన్నారు. మొదట్లో రామచంద్రరావు అలా కాదని చెప్పే ఉంటాడు. ఎవరూ వినుండరు. తర్వాత చెప్పడం మానేశాడు. అలా మానేసి చాలాకాలం గడిచాక, రెండు వేల ఇరవై ఫిబ్రవరిలో, పాత కాలేజీ వాళ్ళు అతనికి సన్మానం పెట్టారు. టియర్నీ కూడా ఎగురుకుంటూ వెళ్ళాడు.

గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు, లారీ అంత పొడుగు. అందులో శాలువాతో రామచంద్రరావు నిలువెత్తు బొమ్మ. మూలన తపాలా బిళ్ళంత టియర్నీ. కింద అక్షరాలు: ఐర్లండు దేశపు శిష్యునితో విచ్చేసిన ప్రపంచ ప్రఖ్యాత గణిత శాస్త్రవేత్త, మన పల్నాటి ముద్దుబిడ్డకు స్వాగతం. టియర్నీకి తెలుగు చదవడం రాదు. తన బొమ్మ కూడా వేశారని మురిసిపోయి, దాని కింద నిలబడి, రామచంద్రరావు భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాడు. ఆ చెయ్యి కింద భుజం బిగుసుకుంది. సిగ్గుపడుతున్నాడనుకున్నాడు టియర్నీ. ఆ ఫొటో ఫ్రేము కట్టించి, ఆఫీసు గదిలో టీ కెటిల్ పైన గోడకి తగిలించుకున్నాడు.

ఆ తర్వాత నెలలోనే కరోనా వచ్చిపడింది. పాఠాలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళాయి. టియర్నీ కెమెరా ముందు తాడు పట్టుకుని ఆలోచనలో పడితే, పిల్లలు నెట్ ఆగిపోయిందనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన తేరుకుని చూసేసరికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు. దుబాయ్‌లో ఉద్యోగాలు ఊడిన వాళ్ళు పిల్లల్ని కాలేజీలు మాన్పించి ఇంటికి పంపేస్తున్నారు. యూనివర్సిటీలో సగం బెంచీలు ఖాళీ. అప్పుడు కొత్త ముదీర్ వచ్చింది, డాక్టర్ షాహీదా అని. ఆవిడ చెడ్డమనిషి కాదు, అది ముందే చెబుతున్నాను. వంతెనలు కట్టే చదువు చదివింది. వంతెన వాళ్ళ వ్యాసాల్లో మొదటి పేరు ఎవరిదైతే పని వాళ్ళది. రెండో పేరు వాళ్ళు సాయం పట్టినవాళ్ళు. లెక్కల శాఖలో ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లలో ఒక్కరినే ఉంచాలని పైనుంచి ఆజ్ఞ. ఆవిడ తనకి తెలిసిన పద్ధతిలోనే చూసింది. చూస్తే, పదేళ్ళుగా రామచంద్రరావు తెగ పనిచేస్తున్నాడు, టియర్నీ కూర్చుని తింటున్నాడు.

విషయం తెలిసి టియర్నీ పడి పడి నవ్వాడు. ఇది అక్షరాల వరుస అమ్మా, ఇంకేం కాదు అని ఆవిడకి చెప్పాడు. ఆవిడ ఆలోచించింది. మీ గురించి మీరు చెప్పుకుంటే కమిటీ ఎలా ఒప్పుకుంటుంది, రెండో ఆయన వచ్చి చెప్పాలి, చెబితే పాత లెక్కంతా తీసేసి మళ్ళీ చూస్తాను అంది. న్యాయమే కదా. టియర్నీకి అది న్యాయంగానే తోచింది, పైగా గుండె తేలికపడింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే అరవై దాటిన మనిషిని మళ్ళీ ఎవరు పిలుస్తారు? ఐర్లండులో ఆయన కోసం తలుపు తీసేది ఒక్క చెల్లెలే. ఆయనకున్న ఇల్లూ వాకిలీ ఈ ఆఫీసు గది, ఆ శుక్రవారం భోజనం. అయినా రాము ఉన్నాడు కదా అనుకున్నాడు. పదేళ్ళు పక్క గదిలో ఉన్నవాడు, ఉన్నది ఉన్నట్టు ఒక్క మాట చెప్పాలి, అంతే.

దాని గురించి ముందుగా రామచంద్రరావుతో మాట్లాడలేదు. సాక్ష్యం చెప్పేవాడికి మాటలు అందించడం ఆయన దృష్టిలో పరీక్షలో చీటీలు అందించడంతో సమానం. ఆ ముందు శుక్రవారం భోజనానికి రావొద్దని రామచంద్రరావు కబురు చేశాడు, ఆమనికి దగ్గుగా ఉందని. కరోనా రోజులు. టియర్నీ నమ్మాడు. దగ్గుకి అల్లం వేడినీళ్ళు మంచిదని మెసేజ్ కూడా పెట్టాడు.

ఇరవై ఒకటో సంవత్సరం మార్చిలో ఆ మీటింగు. అందరి మొహాలకీ మాస్కులు, కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎడం. డాక్టర్ షాహీదా అడిగింది చాలా తేటగా అడిగింది.

"డాక్టర్ రావు, మీ ఇద్దరి వ్యాసాల్లో పేర్ల వరుసకి అర్థం ఏమైనా ఉందా?"

రామచంద్రరావు మాస్కు సర్దుకున్నాడు. "ఒక్కో శాస్త్రంలో ఒక్కో పద్ధతి ఉంటుంది మేడమ్."

"మీ శాస్త్రంలో?"

"అదీ జట్టుని బట్టి ఉంటుంది."

టియర్నీకి మొదట తట్టింది ఏమిటంటే, రాముకి ప్రశ్న సరిగా అర్థం కాలేదని. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. బోర్డు దగ్గర పిల్లవాడు తడబడితే ప్రశ్నని ఇంకాస్త సులువు చేసి అడగడం ఆయన అలవాటు. బల్ల మీదికి వంగి, మెత్తగా అందించాడు.

"రాము, ఆవిడ అడిగేది మన పద్ధతి గురించి. మన ఇద్దరిదీ. మొదటి వ్యాసం రోజు మనం అనుకున్నది."

"నాకు అర్థమైంది మాస్టారూ," అన్నాడు రామచంద్రరావు.

ఆ చివరి మాట ఒక్కటే తెలుగులో అన్నాడు. తర్వాత ముదీర్ వైపు తిరిగి, కమిటీకి ఏది సబబుగా తోస్తే అదే చేయండి మేడమ్ అని చేతులు కట్టుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న సర్దుబాటు. టియర్నీ కుడిపక్క కుర్చీ నాదని మొదట్లో అన్నాను. ఆ కుర్చీ మీద ఎవరూ కూర్చోకూడదని ఎర్ర టేపుతో అడ్డంగా ఇంటూ మార్కు వేసి ఉంది. ఆ పొద్దున నేను దుబాయ్ అవతలి కొస జెబెల్ అలీలో, కూలీల క్యాంపు వంటశాలలో, గంపెడు ఉల్లిపాయల ముందు కూర్చుని ఏడుస్తున్నాను. షార్జా యూనివర్సిటీ గేటు కూడా నేనెప్పుడూ దాటలేదు. అక్కడున్నది మా ఊరి దేవేందర్. ఆ అంతస్తులో ఆఫీసు పని, నీళ్ళూ టీలూ అన్నీ అతనివే. మాది ఆర్మూరు పక్కన పల్లె. అతను చూస్తే నేను చూసినట్టే, కుర్చీ మాత్రం కాస్త దూరం, అంతే తేడా.

"కాకా, టియర్నీ సార్ మూతికి మాస్కున్నది, కండ్లు ఒక్కటే కానొస్తున్నయ్," అన్నాడు దేవేందర్ ఆ తర్వాత ఒకరోజు నాతో. "గా కండ్లు సూడలేక నీళ్ళ సీసాలు సదిరిందే సదిరిన."

డాక్టర్ షాహీదాకి ఏదో తేడాగా ఉందని తోచినట్టుంది. వెంటనే తేల్చేయలేదు. వచ్చే ఆదివారం దాకా గడువిచ్చింది. ఈలోగా డాక్టర్ రావు ఒక్క వాక్యం రాసిచ్చినా మళ్ళీ చూస్తాను, లేకపోతే ఇంతే అని ఇద్దరి ముఖాలూ చూసి చెప్పింది. రామచంద్రరావు మెట్ల వైపు వెళ్ళిపోయాడు. టియర్నీ లిఫ్టు దగ్గర అతని కోసం కాసేపు నిలబడ్డాడు. ఎప్పుడూ కలిసే దిగేవాళ్ళు.

లెక్క కుదరకపోతే తప్పు ముందు తన వైపే వెతుక్కోవడం టియర్నీ అలవాటు. గదిలో కూర్చుని అదే చేశాడు. అందరి ముందు అడిగితే రాము బెదిరిపోయి ఉంటాడు. కొత్త ముదీర్. రెండు ఉద్యోగాల్లో ఒకటి పోతుందన్న భయం. మాస్కులో మాట సరిగా రాకపోయి ఉండొచ్చు. ఒక్కొక్క కారణాన్నీ తీసుకుని, నిలబెట్టి చూశాడు. ఏదీ 'నాకు అర్థమైంది' అన్న మాట దగ్గర నిలబడలేదు.

దేవేందర్ టీ కప్పు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆయన గోడమీది ఫొటో చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అడగలేదు, అందులో ఏం రాసుంది అని అడిగాడు. దేవేందర్, సన్మానం అని రాసిండ్రు సార్ అన్నాడు. బొమ్మల కింద ఇంకా చాలా అక్షరాలున్నాయి, అవేంటి అన్నాడు టియర్నీ. దేవేందర్ తీసిన కప్పు మళ్ళీ బల్ల మీద పెట్టాడు. హిందీ, ఇంగ్లీషు కలిపి కూడబలుక్కున్నాడు. మీరు రావు సార్ దగ్గర చదువుకునే స్టూడెంట్ అని రాసుంది సార్ అన్నాడు.

టియర్నీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నీకు ఎప్పటినుంచి తెలుసు అని మాత్రం అడిగాడు.

"తగిలించిన్నాడే సదివిన సార్. మీరు దాని దిక్కు గంత ఖుషీగ సూస్తుంటిరి. ఎట్ల చెప్పాలె?"

టియర్నీ తల ఊపాడు. కోపం రాలేదు, అలసటగా అనిపించింది. ఒక్కసారిగా ఆ ఫొటో దిగిన పూటంతా వెనక్కి తిరిగొచ్చింది. సభలో తన వైపు చూసి ఎందుకు నవ్వారో, తనకి శాలువా ఎందుకు కప్పలేదో, రామచంద్రరావు భుజం ఎందుకు బిగుసుకుందో. మీటింగులో జరిగింది ఆ పొద్దున పుట్టింది కాదు. ఇది పదేళ్ళుగా పక్క గదిలో కూర్చుని, తనతో టీ తాగుతూ పెరిగింది. ఈ సంగతి అందరికీ తెలుసు, టీ కప్పులు కడిగేవాడికి కూడా తెలుసు.

అయినా శుక్రవారం భోజనానికి వెళ్ళాడు. ఎందుకెళ్ళావయ్యా అని మీరూ నేనూ అడుగుతాం. గడువు ఇంకా ఉంది, అదొకటి. నాలుగు గోడల మధ్య, అన్నం ముందు, ఆ మనిషి మొహానికి మాస్కు ఉండదు, అది ఇంకోటి. దేవేందర్ కూడా వెళ్ళాడు. తెలుగువాడని కుసుమకుమారి అతన్నీ శుక్రవారాలు పిలిచేది, పిల్లలతో పాటు హాల్లో వడ్డించేది. ఆ రోజు పిలిచారో లేదో తెలియదు, ఇద్దరూ టాక్సీ దిగి బెల్లు కొట్టారు. రామచంద్రరావే తలుపు తీశాడు. తీసి, ఒక్క క్షణం అడ్డంగా అలాగే నిలబడి, పక్కకి జరిగాడు.

కంచాలు పెట్టారు. చరణ్‌తేజ్ వచ్చి జేబులు తడిమాడు, ఆమని వాణ్ణి లాక్కెళ్ళింది. దగ్గు తగ్గిందామ్మా అని టియర్నీ అడిగితే, ఆ పిల్ల, నాకు దగ్గేమీ లేదే అంది. రామచంద్రరావు నీళ్ళు తాగాడు. కుసుమకుమారి పప్పు గిన్నె పట్టుకుని వచ్చి, మామూలుగా, నొచ్చుకుంటున్నట్టే అంది.

"అంతా విన్నానండీ మాస్టారూ. మీ గురించి మా ఆయన ఎంత గట్టిగా మాట్లాడినా ఆవిడ చెవిన పెట్టలేదంట కదా."

టియర్నీ ముద్ద కంచంలోకి దించాడు. రామచంద్రరావు వైపు చూశాడు. సరిదిద్దుకోవడానికి పిల్లవాడికి ఇచ్చినంత వ్యవధి ఇచ్చాడు. రామచంద్రరావు తల ఎత్తలేదు. ఎవరో ఒకరు అబద్ధం చెప్పి ఆ పూట గడిపేయొచ్చు, భోజనం సాగిపోతుంది. టియర్నీ అలా చేయలేని మనిషి. బోర్డు మీద తప్పు కనపడితే అది ఎవరు రాసిందైనా చెరపకుండా ఉండలేడు.

"లేదమ్మా. అతను మాట్లాడలేదు. ఒక్క మాట కావాల్సి వచ్చింది, ఆ మాట చెప్పలేదు." గొంతు పెంచకుండానే అన్నాడు. "ఆదివారం దాకా సమయం ఉంది రాము. ఒక్క వాక్యం చాలు. నేను రాసివ్వను, నువ్వే రాయాలి."

"రాస్తే మన ఇద్దర్లో ఎవరుంటారు మాస్టారూ?"

"అది ఆవిడ చూసుకుంటుంది. నువ్వూ నేనూ నిజం చెప్పాలి."

"మీకు ఐర్లండు ఉంది."

"నాకు ఐర్లండులో ఒక గొడుగుంది."

ఆ మాటకి ఇంకోరోజైతే నవ్వేవాళ్ళు. రామచంద్రరావు కంచం పక్కకి జరిపాడు. అతని మొహం గట్టిపడింది. ఎప్పటినుంచో సిద్ధం చేసుకున్నట్టు, ఒక్కొక్క మాటా తూచి పెట్టాడు.

"మీరు ఏ దేశం వెళ్ళినా మీకు పేరుంది. నాకు ఆ వ్యాసాల మీద ముందుండడం తప్ప ఏముంది? అయినా నా పేరు ముందు పెట్టింది మీరే కదా మాస్టారూ. నేను వద్దనే అన్నాను."

టియర్నీ దాంట్లో తప్పు వెతికాడు. దొరకలేదు. పెట్టింది తనే. రాము వద్దన్నాడు, చేతులు కూడా పట్టుకున్నాడు. ప్రతి ముక్కా నిజం. అన్నీ నిజం ముక్కలే పేర్చి ఇంత అబద్ధం కట్టొచ్చని ఆయన ఏ తాడులోనూ చూడలేదు.

అప్పుడు కుసుమకుమారి గరిటె కింద పెట్టింది. మొగుడి మొహంలోకి ఒకసారి చూసి, గిన్నె బల్ల మీదే వదిలేసి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మళ్ళీ బయటికి రాలేదు. ఆ తలుపు చప్పుడుకి పిల్లలు టీవీ ఆపేశారు. టియర్నీ లేచి చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకున్నాడు. దేవేందర్ నోట్లో ముద్ద మింగకుండానే వెనక నడిచాడు. తలుపు దాకా ఎవరూ సాగనంపలేదు.

ఆదివారం వచ్చింది, పోయింది. డాక్టర్ షాహీదా సాయంత్రం దాకా కూర్చుని, దేవేందర్‌ని రెండుసార్లు పంపి రామచంద్రరావు గదిలో ఏమైనా కాగితం ఉందేమో కనుక్కుంది. అతను పొద్దున్నే సెలవు పెట్టాడు. ఆవిడ సంతకం చేసేసింది.

ఎండలు ముదిరాక టియర్నీ విమానం ఎక్కాడు. విమానాశ్రయానికి దేవేందర్ వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. అవును, అది మాత్రం నిజంగా వెళ్ళాను, ఉల్లిపాయలు ఇంకొకరికి అప్పగించి. పొడుగాటి మనిషి, బట్టల పెట్టె చిన్నది. నాతో చెయ్యి కలిపి, ఏదో అనాలి కాబట్టి, 'ఇంకొంచెం' అన్నాడు. ఆయనకి వచ్చిన తెలుగు అదే కదా. నేను అవునన్నాను.

ఇప్పుడు గాల్వే దగ్గర చెల్లెలి ఇంట్లో ఉంటాడు. ముడుల మీద పనిచేస్తూనే ఉన్నాడట, ఒక్కడే. ఎక్కడివాళ్ళో కుర్రవాళ్ళు కలిసి రాద్దామండీ అని అడిగితే, మర్యాదగా కాదంటాడట. అప్పుడప్పుడు దేవేందర్‌కి వాన ఫొటోలు పంపిస్తాడు. రామచంద్రరావు ఇప్పుడు శాఖకి పెద్ద. టియర్నీ వెళ్ళాక అతని పేరుతో ఇంతవరకు కొత్త వ్యాసం రాలేదని దేవేందర్ అంటాడు. దేవేందర్ మాట నేను కాదనను, అవునని కూడా అనను, నాకు ఆ వ్యాసాలు చదవడం రాదు.

ఓడ ఇరాన్ పోయిందన్నదే నా కల్పన అని మీరు అనుకుంటారు. ఆ ఓడ సంగతి క్రీక్ దగ్గర ఎవరినడిగినా చెబుతారు, నాది కాదు. నేను కల్పించింది వేరే ఉంది. కుసుమకుమారి గరిటె కింద పెట్టిందనీ, తలుపు వేసుకుందనీ చెప్పాను చూడండి, అది నాది. ఆ ఇంట్లో ఒక్కరైనా అలా లేచి ఉంటే బాగుండునని పెట్టాను. దేవేందర్ చూసింది అది కాదు. ఆవిడ అంతా విని, మొగుడి కంచం మళ్ళీ దగ్గరికి జరిపి, అందులో ఇంకో గరిటె పప్పు వేసి, మాస్టారి వైపు తిరిగి, పెరుగు తెమ్మంటారా అని అడిగింది.